ఉపాధ్యాయుడు కౌన్సెలర్ కావడానికి పట్టే విద్య: బాన్సువాడ ప్రాంత బడుల దృష్టితో

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని తండ్రి వేసిన వ్యాజ్యంలో 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆ మరణంపై దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో ఆగలేదు. జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాలతో కూడిన ధర్మాసనం విద్యార్థుల మానసిక ఆరోగ్య రక్షణకు 15 మార్గదర్శకాలు జారీ చేసి, తగిన చట్టమో నియంత్రణ వ్యవస్థో ఏర్పడేదాకా అవి దేశంలోని ప్రభుత్వ, ప్రైవేటు విద్యాసంస్థలన్నిటికీ వర్తిస్తాయని ప్రకటించింది. వాటిలో ఒకటి ఈ ఉపన్యాసానికి ఆధారం. 100 మంది గానీ అంతకు మించి గానీ విద్యార్థులున్న ప్రతి సంస్థా, పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్, మనోవిజ్ఞాని, సామాజిక కార్యకర్త వీరిలో కనీసం ఒకరిని నియమించుకోవాలని, అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణుల దగ్గరికి పిల్లలను పంపే ఏర్పాటు పద్ధతి ప్రకారం చేసుకోవాలని ఆ మార్గదర్శకం చెబుతుంది. తీర్పు ఉటంకించిన జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2001లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 5,425 మంది కాగా, 2022లో వారి సంఖ్య 13,044.

నియమించాలన్న ఆజ్ఞ వచ్చింది గాని, నియమించడానికి మనుషులు ఎక్కడి నుంచి రావాలన్నది తీర్పు పరిధిలోని ప్రశ్న కాదు. అది విద్యాశాఖలూ విశ్వవిద్యాలయాలూ తేల్చవలసిన సంగతి. హైదరాబాదులోని పెద్ద ప్రైవేటు బడులు మనోవిజ్ఞానంలో ఎం.ఎ. చదివిన యువతీయువకులను జీతమిచ్చి తెచ్చుకోగలవు. కామారెడ్డి జిల్లా పడమటి భాగంలో మహారాష్ట్ర, కర్ణాటకల సరిహద్దుకు చేరువలో ఉన్న బాన్సువాడకు, దాని చుట్టూ ఉన్న బీర్కూర్, నస్రుల్లాబాద్, పిట్లం, బిచ్కుంద, మద్నూర్, జుక్కల్ బడులకు అలాంటి పట్టభద్రులు వచ్చి ఏళ్ల తరబడి నిలుస్తారని ఆశించడానికి ఆధారం కనిపించదు. అందువల్ల ఈ ప్రాంతానికి కౌన్సెలర్లు ఉపాధ్యాయ వృత్తిలో నుంచే రావాలన్నది ఈ ఉపన్యాసం ప్రతిపాదన. అయితే ఆ ఉపాధ్యాయులకు మనోవిజ్ఞానంలో స్నాతకోత్తర స్థాయి చదువు, నిపుణుల పర్యవేక్షణలో చేసిన అభ్యాసం, తరగతి బాధ్యత నుంచి పూర్తి విడుదల అనే మూడూ కలిసి దక్కాలి. ఏ ఒక్కటి కొరవడినా మిగిలిన రెండింటి ఖర్చూ వృథా అవుతుందని గత అరవై ఏళ్ల అనుభవం చెబుతోంది.

పదాల అర్థాలను ముందుగా స్థిరపరచుకోవడం అవసరం. ఏ కోర్సు తీసుకోవాలి, ఏ ఉద్యోగానికి ఏ చదువు కావాలి వంటి విషయాల్లో సమాచారమిచ్చి విద్యార్థి ఎంపికకు సాయపడడం మార్గదర్శనం. విద్యార్థి తన ఇబ్బందిని తానే మాటల్లో పెట్టుకుని, దాని ఆకారాన్ని గుర్తించి, ఏం చేయాలో తానే నిర్ణయించుకునే స్థితికి చేరడానికి శిక్షణ పొందిన మరొకరు తోడ్పడే క్రమబద్ధమైన సంభాషణ కౌన్సెలింగ్. తీవ్రమైన మానసిక రుగ్మతను గుర్తించి చికిత్స చేయడం వేరే పని; అది మానసిక వైద్యులది, భారత పునరావాస మండలిలో నమోదైన క్లినికల్ మనోవిజ్ఞానులది. బడి కౌన్సెలర్ మొదటి రెండు పనులూ చేస్తూ, మూడోదాని అవసరాన్ని సకాలంలో పసిగట్టి పంపగలిగిన వ్యక్తి. తెలుగు బడుల్లో కౌన్సెలింగ్ పేరుతో సాధారణంగా జరిగేది మాత్రం నచ్చజెప్పడం, అంటే పిల్లవాడిని పిలిచి అమ్మానాన్నల కష్టాన్ని గుర్తుచేసి బాగా చదువుకోమని మంచి మాటలు చెప్పి పంపడం. దానిలో ప్రేమ ఉండవచ్చు. కానీ మాట్లాడేది పెద్దవారు, వినేది పిల్లవాడు కావడం వల్ల అతడి లోపలి విషయం అక్కడ బయటికి రాదు. అమెరికన్ మనోవిజ్ఞాని కార్ల్ రోజర్స్ 1957లో, ఎదుటివారిలో మార్పు రావడానికి సాయపడేవారిలో ఉండవలసిన గుణాలుగా మూడింటిని ప్రతిపాదించాడు: ఎదుటివారి అనుభవాన్ని వారి వైపు నుంచి గ్రహించే సహానుభూతి, ఏ షరతూ లేని ఆదరణ, లోపలొకటి బయటొకటి లేని నిజాయితీ. చదవడానికి తేలికగా కనిపించే ఈ మూడూ మార్కులు వేసే మనిషికి ఎంత కష్టమో ముందుముందు తెలుస్తుంది.

బాన్సువాడ ప్రాంతపు పిల్లల జీవితం ఈ చర్చకు నేపథ్యం మాత్రమే కాదు. కౌన్సెలర్ ఏమేం చదవాలో నిర్ణయించేది అదే. మంజీరా మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయకట్టు ఈ నేలను వరి పొలాలుగా మార్చింది, కానీ ఆ నీరు అందరి ఇళ్లకూ సమానంగా సంపద తేలేదు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా గ్రామాల నుంచి దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు వలస సాగుతోంది. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండి రెండు మూడేళ్లకొకసారి సెలవు మీద వచ్చే ఇళ్లలో పిల్లలకు తండ్రి అంటే ఫోన్ తెర మీది ముఖం, నెలనెలా వచ్చే డబ్బు, ఇంట్లో ఎవరికీ లొంగని పిల్లవాడిని బెదిరించడానికి వాడే పేరు. బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదికతో మొదలుపెట్టి అభివృద్ధి చేసిన అనుబంధ సిద్ధాంతం ప్రకారం, పిల్లలు తమను కాపాడే ఒకరిద్దరు పెద్దలతో గాఢమైన బంధం ఏర్పరచుకుంటారు. ఆ బంధం తెగినప్పుడు, లేదా మాటిమాటికీ తెగి అతుక్కుంటున్నప్పుడు, వారిలో కలిగే దుఃఖం తరచు దుఃఖం రూపంలో కనిపించదు. అది మొండితనంగా, చదువు మీద విముఖతగా, తలనొప్పిగా, కడుపునొప్పిగా, పెద్దవాళ్లెవరినీ నమ్మకపోవడంగా బయటపడుతుంది. తండ్రి సెలవు ముగిసి విమానమెక్కిన వారంలో బడిలో గొడవ పెట్టుకున్న ఎనిమిదో తరగతి పిల్లవాడు క్రమశిక్షణ తప్పిన విద్యార్థిగానే రిజిస్టరులోకి ఎక్కుతాడు. ఆ రెండు సంఘటనలనూ కలిపి చూసే చూపు అలవడాలంటే ఎవరో ఒకరు శ్రద్ధగా నేర్పాలి.

బీడీలు చుట్టే ఇళ్లలో పరిస్థితి ఇంకో విధంగా ఉంటుంది. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టి కూలి ఇచ్చే ఈ పనిలో తల్లి తన లెక్క పూర్తి చేయడానికి కూతురి చేతుల సాయం తీసుకోవడం మామూలే. రాత్రి పొద్దుపోయేదాకా ఆకు కత్తిరించి, దారం చుట్టిన పిల్ల మర్నాడు మొదటి పీరియడ్‌లో కునుకు తీస్తుంది. తరగతిలో ఆమె ఏకాగ్రత లేని పిల్ల. మద్నూర్, జుక్కల్ వైపు ఇళ్లలో మరాఠీ, కన్నడ మాట్లాడే పిల్లలు, తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలు, బాన్సువాడ పట్టణంలో ఉర్దూ మాట్లాడే పిల్లలు తెలుగు పాఠ్యపుస్తకాల ముందు కూర్చున్నప్పుడు వెనకబడడం సహజం. ఆ వెనకబాటు భాష వల్ల వచ్చిందా, చూపు లోపం వల్లనా, బుద్ధిమాంద్యం వల్లనా, లేక తెలివి సరిపోయినంత ఉన్నా అక్షరాల దగ్గరో అంకెల దగ్గరో మాత్రమే తడబడే నిర్దిష్ట అభ్యసన వైకల్యం వల్లనా అని తేల్చడానికి శిక్షణ లేని బడిలో అందరికీ ఒకే పేరు దక్కుతుంది, ఆ పేరు మొద్దు. నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తాను గుర్తించిన 21 వైకల్యాలలో ఒకటిగా చేర్చింది. దానివల్ల పరీక్షల్లో కొన్ని వెసులుబాట్లకు దారి ఏర్పడింది. అయితే ఆ హక్కును కోరాలంటే ముందు పిల్లవాడిలో ఆ వైకల్యాన్ని ఎవరో అనుమానించి, అతడిని పరీక్షకు పంపాలి.

2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల వయసు వారిలో సుమారు 7.3 శాతానికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని అంచనా వేసింది. 300 మంది చదివే ఉన్నత పాఠశాలకు ఆ నిష్పత్తిని వర్తింపజేస్తే ఇరవై మంది పైచిలుకు అవుతారు. పైన చెప్పిన పిల్లల్లో చాలామంది ఈ లెక్కలోకి రారు. వారికున్నది రుగ్మత కాదు, బతుకు బరువు. కౌన్సెలర్ ఈ రెండు గుంపులనూ వేరుచేసి చూడగలగాలి, రెండిటికీ అందుబాటులో ఉండాలి.

ఉపాధ్యాయులకు మనోవిజ్ఞానం కొత్త కాదన్న మాట తరచు వినిపిస్తుంది, అందులో కొంత నిజం ఉంది. బి.ఎడ్.లో విద్యా మనోవిజ్ఞానం చదవనివారు ఉండరు. ఉపాధ్యాయ అర్హత పరీక్ష అయిన టెట్‌లో 150 మార్కుల్లో 30 శిశు వికాసానికీ బోధన పద్ధతులకూ కేటాయించినవే. కాని ఆ చదువు బిట్ల రూపంలో బుర్రకెక్కిన చదువు. పియాజే చెప్పిన నాలుగు దశలు, కోల్‌బర్గ్ నైతిక వికాస స్థాయిలు, పావ్‌లోవ్ కుక్క, ఎరిక్సన్ చెప్పిన గుర్తింపు సంక్షోభం అన్నీ నాలుగు సమాధానాల్లోంచి సరైనది ఏరుకోవడానికి పనికొచ్చే విధంగా గుర్తుంటాయి. గుర్తింపు సంక్షోభం అంటే కౌమారంలో 'నేనెవరిని, ఏమవుతాను' అన్న ప్రశ్న మనిషిని లోపలి నుంచి కలవరపెట్టే దశ. ఇంటర్‌లో బైపీసీ వద్దని ఏడుస్తున్న పదో తరగతి అమ్మాయి ఎదురుగా కూర్చున్నప్పుడు ఎరిక్సన్ పేరు గుర్తొచ్చినా, ఆ తరువాత ఏ మాట అడగాలో, ఏ మాట అడగకూడదో బిట్ చెప్పదు. ఈ లోపానికి ఉపాధ్యాయులను తప్పుపట్టడం అన్యాయం. వారిని అలా తయారుచేసింది పరీక్షల పద్ధతి.

ఉపాధ్యాయులను కౌన్సెలర్లుగా తీర్చిదిద్దడం ఎక్కడా జరగని ప్రయోగమేమీ కాదు. సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించిన మరుసటి ఏడాది, 1958లో, అమెరికా చేసిన జాతీయ రక్షణ విద్యా చట్టం ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు కౌన్సెలింగ్ శిక్షణ ఇచ్చే సంస్థలను విశ్వవిద్యాలయాల్లో నడపడానికి నిధులిచ్చింది. ఆ దేశంలో బడి కౌన్సెలర్ల వృత్తి విస్తరించడానికి ప్రధాన కారణం అదే. ఆ చట్టం తెలివైన పిల్లలను సైన్సు వైపు మళ్లించాలన్న ఉద్దేశంతో పుట్టినా, శిక్షణ పొందినవారు బడుల్లో ఎదుర్కొన్నవి ఇంటి గొడవలు, ఒంటరితనం, భయం. బ్రిటన్‌లో 1965లో కీల్, రీడింగ్ విశ్వవిద్యాలయాలు అనుభవజ్ఞులైన ఉపాధ్యాయుల కోసం ఏడాదిపాటు పూర్తికాలపు కోర్సులు ప్రారంభించాయి. ఉపాధ్యాయులు జీతం కోల్పోకుండా బడికి సెలవు పెట్టి వచ్చి చదివి, తిరిగి బడికి కౌన్సెలర్‌గా వెళ్లడం ఆ ఏర్పాటులోని ప్రాణం. 1970ల చివరి ఏళ్లలో స్థానిక ప్రభుత్వాల ఖర్చులకు కోత పడి అలా పంపే ఉపాధ్యాయుల సంఖ్య తగ్గిపోగానే ఆ ఉద్యమమూ సన్నగిల్లింది. విద్యాశాఖ డబ్బు కోర్సు ఫీజు దాకా ఉండి, ఉపాధ్యాయుడి ఏడాది జీతం దగ్గర ఆగిపోతే ఏం జరుగుతుందో ఆ చరిత్రలో ఉంది.

భారతదేశంలో ఆలోచన ఆలస్యం కాలేదు, అమలే ఆలస్యమైంది. 1952–53 నాటి మాధ్యమిక విద్యా కమిషన్ బడుల్లో మార్గదర్శన అధికారులు ఉండాలని సిఫారసు చేసింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ మార్గదర్శనం విద్యలో విడదీయరాని భాగమని చెప్పి, ప్రతి బడికీ ఒకరిని నియమించడం అప్పటికి సాధ్యం కాదని గుర్తించి, పది బడులకు ఒక సంచార కౌన్సెలర్‌ను నియమించాలని సూచించింది. ఆ సూచన వచ్చి అరవై ఏళ్లయింది. బాన్సువాడ వంటి ప్రాంతాలకు అది ఇప్పటికీ అన్నిటికంటే ఆచరణయోగ్యమైనదే. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి నడిపే మార్గదర్శన, కౌన్సెలింగ్ డిప్లొమా పనిలో ఉన్న ఉపాధ్యాయుల కోసమే రూపొందినది. అందులో ఆరు నెలలు ఇంటి దగ్గరే సొంతంగా చదువు, మూడు నెలలు కేంద్రంలో ఉండి అభ్యాసం, మరో మూడు నెలలు సొంత ఊళ్లో ఇంటర్న్‌షిప్ అనే మూడు దశల అమరిక పాటించారు. దక్షిణాది రాష్ట్రాల వారికి కేంద్రం మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో విద్యా, వృత్తి మార్గదర్శన కౌన్సెలర్లకు ప్రత్యేకమైన పోస్టులున్నాయి. తెలంగాణ పాఠశాల విద్యలో కూడా అలాంటి శాశ్వత శ్రేణి ఏర్పడడం ఇప్పుడు అత్యవసరం.

ఈ ప్రతిపాదనకు ఎదురు నిలిచే బలమైన సాక్ష్యం ఒకటుంది, దాన్ని దాటవేసి ముందుకు వెళ్లడం పరిశోధన ధర్మం కాదు. బిహార్‌లోని నలందా జిల్లాలో జరిగి, 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వెలువడిన సెహెర్ అధ్యయనంలో 75 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను 25 చొప్పున మూడు గుంపులుగా విడదీశారు. మొదటి గుంపులో ఈ పనికోసమే నియమించిన, మానసిక ఆరోగ్య వృత్తి చదువులు లేని వ్యక్తి ఒక్కో బడిలో కౌన్సెలర్‌గా పనిచేశారు. రెండో గుంపులో అదే కార్యక్రమాన్ని ఆ బడి ఉపాధ్యాయులలో ఒకరు నడిపారు. మూడో గుంపులో ఆ అదనపు కార్యక్రమం లేదు. పిల్లలు పేరు రాయకుండా తమ ఇబ్బందులు రాసి వేసే పెట్టె, గోడపత్రిక, పోటీలు, అవసరమైనవారితో విడిగా మాట్లాడడం వంటివి ఆ కార్యక్రమంలో భాగాలు. ఏడాది గడిచాక చూస్తే, విడిగా నియమించిన కౌన్సెలర్లున్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, పిల్లల్లో కుంగుబాటు, వేధింపులు తగ్గాయి. ఉపాధ్యాయులు నడిపిన బడులకూ, కార్యక్రమం లేని బడులకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

దీన్ని బట్టి ఉపాధ్యాయులు కౌన్సెలింగ్‌కు పనికిరారనీ, చదువు లేనివారే మేలనీ తేల్చడం తొందరపాటు. ఆ ఉపాధ్యాయులకు దక్కినది పొట్టి శిక్షణ. పీరియడ్లు, పరీక్షలు, ఎన్నికల విధులు ఎప్పటిలాగే వారి మీద ఉన్నాయి. నిన్న బెంచీ ఎక్కించిన మనిషే నేడు మనసు విప్పమంటే పిల్లలు విప్పరు. విడిగా నియమించిన కౌన్సెలర్‌కు ఉన్న మేలు చదువు లేకపోవడం వల్ల వచ్చింది కాదు, వేరే పని లేకపోవడం వల్ల, పిల్లల మీద అధికారం లేకపోవడం వల్ల వచ్చింది. పైగా వారి వెనుక ఒక పరిశోధన బృందపు నిరంతర పర్యవేక్షణ ఉంది. ప్రాజెక్టు ముగిసి ఆ బృందం వెళ్లిపోయాక, చేతిని బ్లేడుతో కోసుకున్న పిల్ల ఎదురైనప్పుడు, ఎవరినీ అడిగే వీలు లేని కౌన్సెలర్‌కు కావలసింది లోతైన చదువే. కాబట్టి నలందా ఫలితం ఈ ఉపన్యాసం వాదాన్ని పడగొట్టడానికి బదులు దాన్ని పదునుపెడుతుంది. తరగతి బోధన వదలని ఉపాధ్యాయుడిని ఎంత చదివించినా కౌన్సెలర్ కాలేడు. ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య దూతలుగా గుర్తించి వారానికొక గంట పాఠం చెప్పించడం మంచి పనే గాని, దాన్ని కౌన్సెలింగ్‌కు ప్రత్యామ్నాయంగా లెక్కచూపడం పిల్లలకు నష్టం.

ఇంతలో 2025లో ఇంకొక మార్పు వచ్చింది. 2025 జూలై–ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి మనోవిజ్ఞానాన్ని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ బోధించకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఆదేశించింది. 2021 నాటి అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం పరిధిలోకి వచ్చే శాస్త్రాలలో అదీ ఒకటన్నది కారణం. ఏ డిగ్రీ ఉన్నవారైనా చేరగలిగిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎం.ఎ. మనోవిజ్ఞానం, బడికి సెలవు పెట్టలేని ఉపాధ్యాయులకు అప్పటిదాకా అందుబాటులో ఉన్న ప్రధాన మార్గం. ఆచరణలో అభ్యాసం లేకుండా మనోవిజ్ఞాన పట్టా ఇవ్వకూడదన్న సూత్రం నిస్సందేహంగా సరైనది. పిల్లల మనసుతో పనిచేసేవారు ఒక్క నిపుణుడి ముందూ కూర్చోకుండా పట్టా పొందడం ప్రమాదకరం. అయితే పాత దారి మూసినప్పుడు కొత్త దారి తెరవడం కూడా అదే బాధ్యతలో భాగం. జూలైలో సుప్రీంకోర్టు 100 మందికి తక్కువ కాని ప్రతి బడికీ కౌన్సెలర్ కావాలంది. ఆ తరువాతి నెలల్లోనే బాన్సువాడ ఉపాధ్యాయురాలికి మనోవిజ్ఞానంలో స్నాతకోత్తర చదువు హైదరాబాదు దాకా వెళ్లి రెండేళ్లు ఉండగలిగితే తప్ప దొరకని స్థితి ఏర్పడింది. ఇద్దరు పిల్లలూ ముసలి అత్తమామలూ ఉన్న ఉపాధ్యాయురాలు జీతం లేని సెలవు మీద వెళ్లి చదవడం జరిగే పని కాదు.

కొత్త కోర్సు ఎలా ఉండాలన్న దానిలో అన్నిటికంటే ముఖ్యమైనది పర్యవేక్షిత అభ్యాసం. శిక్షణలో ఉన్నవారు అనుమతి తీసుకుని తాము జరిపిన సంభాషణను నమోదు చేసి, తరువాత దాన్ని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టి, అనుభవజ్ఞుడైన మనోవిజ్ఞాని ఎదుట వరుసగా చదువుతారు. ఎక్కడ పిల్లవాడు ఏదో చెప్పబోతుంటే తాము అడ్డుపడ్డారు, ఎక్కడ మౌనాన్ని భరించలేక సలహా ఇచ్చేశారు, ఎక్కడ తమ భయం వల్ల విషయం మార్చారు అన్నది ఆ కాగితం మీద కనిపిస్తుంది. తనిఖీలకు మాత్రమే అలవాటుపడిన ఉపాధ్యాయ వృత్తిలో ఇది పూర్తిగా కొత్త అనుభవం, మొదట్లో అవమానంగా కూడా అనిపిస్తుంది. పాతికేళ్లు పాఠం చెప్పిన వ్యక్తికి అన్నిటికంటే కష్టమైనది తెలిసిన సమాధానం చెప్పకుండా ఆగడం. ఈత పుస్తకం చదివి రానట్టే ఈ నిగ్రహమూ చదివితే రాదు. వారం వారం ఒకరి ఎదుట కూర్చుని తన మాటను తానే వింటే వస్తుంది. బెత్తం దెబ్బలు తిని పెరిగి, అవే తనను బాగుచేశాయని నమ్మే ఉపాధ్యాయుడు ఆ నమ్మకాన్ని కూడా ఈ క్రమంలో పరీక్షకు పెట్టుకోవాలి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది గాని, ఆ నమ్మకాన్ని చట్టం తీసేయలేదు.

రెండోది నైతిక సూత్రాల అధ్యయనం, అందులో మళ్లీ ద్వంద్వ సంబంధం అన్న అంశం. ఒకే వ్యక్తి పిల్లవాడికి పరీక్ష పెట్టేవారుగా, అతడి తండ్రికి పొరుగువారుగా, అతడి రహస్యం తెలిసినవారుగా ఉండడమే ద్వంద్వ సంబంధం. పట్నంలో దీన్ని తప్పించుకోవచ్చు, బాన్సువాడ వంటి చిన్న ఊళ్లో తప్పదు. తప్పనప్పుడు ఎలా మసలుకోవాలో నేర్చుకోవాలి. గోప్యతకు హద్దులు తెలియడం దీనికి అనుబంధం. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు గానీ, జరగవచ్చని భయపడినవారు గానీ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. మంచి మనసున్న ఉపాధ్యాయురాలు ఏడుస్తున్న పిల్లకు ఎవరికీ చెప్పనని మొదటే మాట ఇచ్చేస్తుంది, ఆ తరువాత పిల్ల చెప్పిన సంగతి విన్నాక ఆ మాట నిలుపుకోలేని స్థితిలో పడుతుంది; పిల్లకు అది రెండో ద్రోహంగా కనిపిస్తుంది. శిక్షణ పొందిన కౌన్సెలర్ సంభాషణ మొదలయ్యే ముందే, ప్రాణానికి గానీ ఒంటికి గానీ ప్రమాదం ఉన్న విషయం తప్ప మిగిలినదేదీ బయటికి పోదని పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెబుతుంది. బాల్యవివాహం కుదిరిన తొమ్మిదో తరగతి పిల్ల విషయంలో బాలల సహాయ నంబరు 1098కి ఎప్పుడు చెప్పాలి, ఇంటివాళ్లతో ఎలా మాట్లాడాలి అన్నవీ ఇలాంటి చిక్కులే.

పరీక్షా సాధనాల గురించి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. చదవడం రాని పిల్లల తెలివిని అంచనా వేయడానికి సి.ఎం. భాటియా 1955లో రూపొందించిన క్రియాత్మక పరీక్షల వంటివి కౌన్సెలర్‌కు తెలిసి ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, ఒక అంకె చూసి పిల్లవాడిపై ముద్ర వేయకూడదన్న జాగ్రత్త ఉండాలి. నిర్ధారణ కోసం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని మేధో వైకల్య జాతీయ సంస్థకు గానీ, నిజామాబాదు, కామారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులకు గానీ పంపే పద్ధతి స్థిరపడాలి. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ 14416 నంబరు రాత్రిపూట హాస్టల్ పిల్లలకు అందుబాటులో ఉండే సాయం. దాన్ని గోడ మీద రాసి వదిలేయకుండా, ఫోన్ చేస్తే ఏం జరుగుతుందో పిల్లలకు ముందే చెప్పి ఉంచడం కౌన్సెలర్ పని.

కోర్సుకు సహజమైన చోటు డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం. ఉస్మానియా మనోవిజ్ఞాన శాఖ అధ్యాపకుల సహకారంతో, మైసూరు నమూనాలోని మూడు దశలను రెండేళ్లకు విస్తరించి, తరగతులకు డిచ్‌పల్లిలోనూ అభ్యాసానికి బాన్సువాడ డివిజన్ బడుల్లోనూ ఏర్పాటు చేయవచ్చు. పరిసరాల్లోని ఉద్యోగులే శిక్షణతో కొత్త నైపుణ్యం అందుకోగలరన్న దానికి బాన్సువాడలోనే ఒక నిదర్శనం ఉంది: తల్లిపాలకు అనుకూలమైన ఆసుపత్రిగా జాతీయ గుర్తింపు పొందిన ఇక్కడి మాతాశిశు ఆసుపత్రిలో, బాలింత పక్కన కూర్చుని ఓపికగా మాట్లాడి పాలు పట్టించే పని నర్సులు చేపట్టారు. చదువు ముగించిన ఉపాధ్యాయుడికి సొంత బడి ఇవ్వకుండా, కొఠారీ కమిషన్ లెక్క ప్రకారం పది బడుల సముదాయాన్ని అప్పగించాలి. 2020 జాతీయ విద్యా విధానం కూడా పాఠశాల సముదాయాలు కౌన్సెలర్లను పంచుకోవాలని చెప్పింది. తాను పాఠం చెప్పని బడుల్లో పనిచేయడం వల్ల అధికారపు నీడ చాలామటుకు తొలగిపోతుంది. 100 మందికి తక్కువ కాని బడులన్నిటికీ విడివిడిగా కౌన్సెలర్ దొరికేదాకా ఇది మధ్యకాలపు ఏర్పాటే తప్ప తీర్పుకు పూర్తి అమలు కాదని విద్యాశాఖ స్పష్టంగా ఒప్పుకోవాలి.

తొలి జట్టు ఎంపికలో మార్కుల కంటే భాషకు ప్రాధాన్యం దక్కాలి. మనసులోని బాధ మొదట ఇంటి భాషలోనే మాటగా మారుతుంది కాబట్టి లంబాడీ, మరాఠీ, ఉర్దూ, కన్నడ మాట్లాడే ఉపాధ్యాయులు జట్టులో తప్పక ఉండాలి; కస్తూర్బా బాలికా విద్యాలయాల కోసం మహిళలు తగినంత మంది ఉండాలి. చదివే రెండేళ్లూ పూర్తి జీతం, వారి స్థానంలో తరగతులకు వేరే ఉపాధ్యాయుడు, చదువు తరువాత కనీసం అయిదేళ్లు అదే డివిజన్‌లో పనిచేస్తామన్న ఒప్పందం, కౌన్సెలర్ పోస్టులో ఉన్నా పదోన్నతి వరుస కోల్పోకుండా రక్షణ ఉండాలి. డిప్యుటేషన్ మీద పంపే పద్ధతి సరిపోదు. ఉపాధ్యాయుల సర్దుబాటు మొదలైన రోజున మొదట వెనక్కి పిలిచేది డిప్యుటేషన్ మీద ఉన్నవారినే. అందుకే ఈ పోస్టుకు సర్వీసు నిబంధనల్లో చోటిచ్చే ఉత్తర్వు పాఠశాల విద్యాశాఖ నుంచి, కోర్సుకు ఆమోదం విశ్వవిద్యాలయం నుంచి ఒకే విద్యాసంవత్సరంలో వెలువడాలి. ఒకటి ముందూ మరొకటి వెనకా అయితే చదివినవారు పోస్టు లేక తిరిగి తరగతికి వెళ్తారు, లేదా పోస్టు ఉండీ చదివినవారు లేక ఎవరో ఒకరికి అదనపు బాధ్యతగా అంటగట్టడం జరుగుతుంది.